స్వరలిపి చూసి పాడేటప్పుడు వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చినవారు పుస్తకంలోని స్వరలిపి (స్వరాలను అక్షరాలు, గుర్తులతో రాసే పద్ధతి) చూసి సొంతంగా పాడబోయినప్పుడు శ్రుతిలో కంటే కాలంలోనే ఎక్కువగా తప్పుతారు. అందువల్ల ఆ చిక్కునే ముందుగా, కాస్త వివరంగా చూద్దాం.

సమస్య: స్వరాలన్నీ సరిగానే పలుకుతున్నా, తాళం ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పూర్తికాకముందే వరుస అయిపోతోంది.

కారణం: హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ ఒకే నిడివితో చదవడం. ‘గ’ ఒక అక్షరకాలం (తాళం లెక్కలో ఒక ప్రమాణం), ‘గా’ రెండు అక్షరకాలాలు. కామా ఒక అక్షరకాలాన్నీ, సెమికోలన్ రెంటినీ సూచిస్తాయి కాబట్టి ‘గా’ అన్నా ‘గ ,’ అన్నా నిడివి ఒక్కటే. కామా కనబడగానే, వచనం చదివే అలవాటు కొద్దీ, అక్కడ ఆగి ఊపిరి పీల్చుకునేవారు చాలామంది ఉంటారు; నిజానికి అది ముందున్న స్వరానికి పొడిగింపే గాని విరామం కాదు. స్వరాలపై అడ్డగీత ఉంటే వాటి నిడివి సగమవుతుంది.

పరిష్కారం: రాగాన్ని పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ స్వరాలను మాటల్లా పలకాలి. తాళంలోని భాగాలను అంగాలంటారు; ఆదితాళంలో లఘువు అనే అంగానికి నాలుగు, ద్రుతాలనే రెండు అంగాలకు రెండేసి చొప్పున ఎనిమిది అక్షరకాలాలు. ఒంటి నిలువుగీత దగ్గర అంగం, జంటగీత దగ్గర ఆవర్తనం ముగియాలి. ముగియకపోతే, ఏ అంగంలో లెక్క తప్పిందో కాగితం మీద కూడి చూసుకోవాలి.

సమస్య: పైకి వెళ్లవలసిన చోట గొంతు కిందికి పడిపోతోంది.

స్వరంపై చుక్క ఉంటే తారస్థాయి (పై స్థాయి), కింద ఉంటే మంద్రస్థాయి (కింది స్థాయి). జిరాక్సు ప్రతుల్లో ఈ చుక్కలు చెరిగిపోతాయి, ఫోన్లో టైపు చేసి పంపేవాటిలో అసలు ఉండనే ఉండవు. మలహరి రాగంలో ‘మ ప ద స’ అని ఉంటే ఆరోహణను (స్వరాలు పైకి వెళ్లే వరుసను) బట్టి ఆ ‘స’ (షడ్జమం) తారస్థాయిదని పోల్చుకుని, పెన్సిలుతో చుక్క పెట్టుకోవడం మంచిది.

సమస్య: కాలం, స్థాయి సరిపోయినా రాగం వినిపించడం లేదు.

‘రి’ అన్న అక్షరం అది ఏ రిషభమో చెప్పదు. మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం, శంకరాభరణంలో చతుశ్రుతి రిషభం పలుకుతాయి, రెండుచోట్లా రాసేది ‘రి’ అనే. అందుచేత శీర్షికలోని రాగం పేరు చూసి, ఆరోహణావరోహణలు పాడుకున్నాకే మొదలుపెట్టాలి. ఇక గమకాల (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరుల) సంగతి: 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో వాటికి ప్రత్యేక చిహ్నాలున్నాయి గాని, ప్రారంభకుల పుస్తకాల్లో సాధారణంగా అవి కనబడవు, వాటిని గురువు దగ్గర విని నేర్చుకోవలసిందే.