ఎండలు ముదరకముందే ఆక్సిజన్ మిషన్ ఒకసారి చూసుకోండి

ఇంట్లో పెద్దవాళ్లకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే కరెంటు మిషన్) వాడుతుంటే, మార్చిలోనే ఒక పూట దీనికి కేటాయించండి. మే నెలలో, అర్ధరాత్రి కరెంటు పోయాక నేర్చుకునే పని కాదిది.

మిషన్ బాగుందో లేదో సర్వీసు కుర్రాడు చూస్తాడు. దగ్గరుండి వాడే మనిషికి అది చేతనవుతోందా అన్నది మీరే చూడాలి. నాన్నగారికి అమ్మ వాడుతుంటే, కరెంటు పోతే వాడే ఆక్సిజన్ సిలిండర్ ముందు సిద్ధం చేసుకుని మెయిన్ ఆపేయండి. "ఇప్పుడేం చేస్తావమ్మా?" అని అడిగి, అందించకుండా పక్కన నిలబడండి. సిలిండర్ వాల్వు తిప్పే తాళంచెవి కోసం వెతుక్కున్నారా? గొట్టం మార్చి తగిలించగలిగారా? ఫ్లో మీటర్‌లో, అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో చూపే గొట్టంలో, బంతి మధ్యభాగం డాక్టరు రాసిన గీత మీదకు రావాలి. పైనుంచి వంగి చూస్తే అంకె తప్పుగా కనిపిస్తుంది, కంటికి ఎదురుగా పెట్టుకుని చూడమనండి. ముక్కు గొట్టం కొన నీళ్ల గ్లాసులో ముంచితే బుడగలొస్తాయి, గాలి వస్తున్నట్టే. ఎక్కడ తడబడితే అక్కడ పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. విసుక్కోకండి, చాలా మిషన్ల మీద బొమ్మలు మనకే అర్థం కావు. కూలర్ రొదలో అలారం వినపడుతోందా అన్నదీ అప్పుడే తేలిపోతుంది.

సిలిండర్ లెక్క తెలిసి ఉండాలి. 1,500 లీటర్ల సిలిండర్ నిండుగా ఉంటే, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటల పైచిలుకు వస్తుంది. ఇన్వర్టర్ ఈ మిషన్‌ను మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

చాలా మిషన్లకు గది వేడి 40 డిగ్రీలు దాటకూడదు. రేకుల గదిలో పెట్టొద్దు. గోడకు, కర్టెన్‌కు అడుగు దూరం ఉంచండి. మిషన్ బయటి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి.

మన ఇళ్లలో అసలు భయం నిప్పుతోనే. దీపం, అగరబత్తి, దోమల చక్రం, బీడీ ఏవీ ఆ గదిలో వద్దు. ఆక్సిజన్ దగ్గర జిడ్డు కూడా అంటుకోవచ్చు, అందుకే ముక్కు ఎండిపోతోందని వాజలీన్ రాయొద్దు, నూనె చేత్తో సిలిండర్ వాల్వు తిప్పొద్దు.

ఆయాసం ఎక్కువైందని టెన్షన్‌లో బంతి పైకి లేపేయకండి. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్యే చాలని డాక్టర్లు సాధారణంగా అంటారు. అంతకు మించి ఎక్కిస్తే కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. ఫోన్ చేయాల్సింది డాక్టరుకే.

అద్దెకు తెచ్చుకుంటుంటే, ఇచ్చేవాళ్లను మిషన్ ఇచ్చే ఆక్సిజన్ శాతం ఎనలైజర్‌తో కొలిచి చూపించమనండి. మీ డాక్టరు రాసిన ఫ్లోలో 90కి తగ్గితే ఆ మిషన్ తీసుకోవద్దు.