పిల్లలకి మత్తు ఇచ్చి పళ్ళ ట్రీట్‌మెంట్ చేస్తామంటే ఏం అడగాలి, ఎట్ల రెడీ చేయాలి

రాత్రిపూట పాల సీసా నోట్లో పెట్టుకునే పడుకునే పిల్లలకి మూడేళ్ళకే పైన ముందర పళ్ళు పుచ్చిపోతాయి, డాక్టర్ దగ్గరికి తీసుకపోతే నోరు తెరవరు, తెరిచినా వేలు కొరుకుతారు, అప్పుడు ఆయన "మత్తు ఇచ్చి చేద్దాం" అంటాడు. ఇంక ఇంట్లో జేజి వద్దంటే వద్దంటుంది, నాయన ఫోన్లో వీడియోలు చూసి ఇంకా బెదిరిపోతాడు. అందరూ అడిగేది ఏం మందు ఇస్తారు అని. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, మందు ఇచ్చినాక బిడ్డ ఊపిరి ఎవరు చూస్తా ఉంటారు అనేది.

1. అసలు మత్తు కావాల్నా?

పాలపళ్ళే కదా ఊడిపోతాయిలే అని వదిలేయొద్దు, ముందర పళ్ళు ఆరేడేళ్ళకి ఊడినా దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. కానీ అన్ని పుచ్చు పళ్ళకీ మత్తు అక్కర్లేదు. నొప్పి, వాపు లేని పుచ్చయితే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తే చాలావరకు అక్కడికి ఆగిపోతుంది, సూదీ డ్రిల్లూ ఏం ఉండవు, కాకపోతే పుచ్చు ఉన్న చోట పన్ను నల్లగా అయితుంది. ఇది కుదురుతుందా అని అడగండి. పిల్లల పళ్ళకి వేరే స్పెషలిస్టులు ఉంటారు, పీడోడాంటిస్ట్ అంటారు, వాళ్ళకి ఒకసారి చూపించి అప్పుడు డిసైడ్ అవ్వండి. కడపలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, కర్నూల్లో పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది, ఇట్లాంటి చోట్ల పిల్లల డిపార్ట్‌మెంట్ వేరుగా ఉంటుంది.

2. ఏ రకం మత్తో తెలుసుకోండి

మత్తు అంటే అంతా ఒకటే కాదు. అన్నిటికంటే తేలికది గ్యాస్, నైట్రస్ ఆక్సైడ్‌ని ఆక్సిజన్‌తో కలిపి ముక్కుకి చిన్న మాస్క్ పెట్టి ఇస్తారు, బిడ్డ మెలకువగానే ఉంటాడు, మాట్లాడితే పలుకుతాడు, ఆఖర్న ఓ ఐదు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ పెడితే మామూలుగా అయిపోతాడు. జలుబుతో ముక్కు మూసుకపోయింటే ఇది పనిచేయదు, మాస్క్ పీకి పారేసే పిల్లలకీ పనికిరాదు. తర్వాతది మిడజోలం అనే మత్తు మందు, సిరప్‌లాగా నోటితో తాగిస్తారు లేదా ముక్కులో స్ప్రే కొడతారు, తాగిస్తే ఇరవై ముప్పై నిమిషాల్లో మత్తెక్కుతుంది, జరిగింది చాలామటుకు గుర్తుండదు. కొంతమంది పిల్లలు ఇది ఇస్తే నిద్రపోకుండా ఉల్టా ఏడ్చి గోల చేస్తారు, అట్ల జరగొచ్చని ముందే తెలిస్తే మీరు కంగారు పడరు. దీనికి విరుగుడు ఫ్లూమజెనిల్ అనే ఇంజెక్షన్, అది క్లినిక్‌లో ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

మూడోది జనరల్ అనస్థీషియా. చాలా పళ్ళు పాడైన రెండు మూడేళ్ళ పిల్లలకి ఆపరేషన్ థియేటర్లో అనస్థీషియా డాక్టర్ ఉండి గొంతులోకి ట్యూబ్ వేసి పూర్తిగా నిద్రపుచ్చుతారు, అన్ని పళ్ళూ ఒకేసారి అయిపోతాయి. మూడేళ్ళలోపు పిల్లలకి పదేపదే గానీ, మూడు గంటలు దాటి గానీ ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చని అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది, ఒక్కసారి కొద్దిసేపు ఇస్తే అట్ల అయ్యే అవకాశం తక్కువ అని కూడా అదే చెప్పింది. అందుకే ఇది చేసేటట్టయితే నాలుగుసార్లుగా కాకుండా ఒకేసారి అన్నీ చేయించుకోవడం మంచిది.

ఇంకోటి, గ్యాస్ పెట్టినా సిరప్ తాగించినా పన్ను పీకేముందు తిమ్మిరి సూది వేయాల్సిందే, మత్తు భయం తగ్గిస్తుంది గానీ నొప్పంతా తీసేయదు.

3. ఊపిరి ఎవరు చూస్తారు?

పిల్లల గొంతు దారి సన్నగా ఉంటుంది, నాలుక, టాన్సిల్స్ పెద్దవి, ఊపిరి ఆగితే ఆక్సిజన్ పెద్దోళ్ళకంటే చాలా త్వరగా పడిపోతుంది. పైగా డాక్టర్ పని చేసేది కూడా అదే నోట్లో, నీళ్ళూ దూదీ అన్నీ అక్కడే. పన్ను చూసే మనిషి ఊపిరి కూడా చూస్తానంటే కుదరదు. గ్యాస్ దాటి మత్తు ఇచ్చేటప్పుడు ఆ పని మీదే ఉండే ఇంకో ట్రైనింగ్ ఉన్న మనిషి కావాల, గాఢమైన మత్తు అయితే అనస్థీషియా డాక్టరే ఉండాల. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ కరోనా టైంలో అందరి ఇళ్ళకీ వచ్చిందే, కానీ ఊపిరి ఆగిన కాసేపటికి గానీ అందులో ఆక్సిజన్ నంబర్ తగ్గదు, కాబట్టి ఛాతీ కదలిక చూసే కన్ను, ఆక్సిజన్ సిలిండర్, పిల్లల సైజు మాస్క్ ఇవన్నీ రెడీగా ఉండాల. ఇవి అడిగితే విసుక్కునే చోట చేయించొద్దు.

"సిరప్ ఇంట్లోనే తాగించి తీసుకరండి" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. దార్లో ఊపిరి తగ్గితే చూసేవాళ్ళు ఎవరుంటారు?

4. దాచకుండా చెప్పండి

గురక, టాన్సిల్స్, ఆయాసం, ఫిట్స్, గుండె సమస్య, నెల తక్కువలో పుట్టడం, ఏ మందు పడదు, వాడుతున్న మందులేంటి అన్నీ చెప్పండి. జలుబుకి వేసే నిద్రమత్తు సిరప్ కూడా మందే, అదీ చెప్పండి. మందు డోసు బరువును బట్టి కాబట్టి అక్కడే తూకం వేయించండి. ముందురోజు జ్వరం, దగ్గు వస్తే ఫోన్ చేసి వాయిదా వేసుకోండి, సిగ్గేం లేదు.

5. కడుపు ఖాళీ

ఇక్కడే ఎక్కువగా చెడేది. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే ఈ లెక్క: ఉత్త నీళ్ళు 2 గంటల ముందు దాకా, తల్లిపాలు 4 గంటలు, ఆవు పాలు గేదె పాలు డబ్బా పాలు ఇడ్లీలాంటి తేలికవి 6 గంటలు, నూనెవి మాంసం అయితే 8 గంటలు. పొద్దున 9కి టైం ఇచ్చింటే పాలు రాత్రి 3 తర్వాత వద్దు, నీళ్ళు 7 దాకా ఓకే. మజ్జిగ నీళ్ళ లెక్కలోకి రాదు, పాల లెక్కే, గుజ్జున్న మ్యాంగో జ్యూస్ కూడా అంతే. మన ఎండలకి నీళ్ళు పూర్తిగా ఆపేయడం కూడా తప్పు, డాక్టర్ చెప్పిన టైం దాకా తాగించండి. జమ్మలమడుగు, రాయచోటి నుంచి వచ్చేవాళ్ళయితే మొదటి టైం అడిగి తీసుకోండి, బస్సులో పక్క సీటు పిల్లోడు ఉగ్గాని తింటా ఉంటే మీ వాడు ఊరుకోడు. జేజికి ముందే చెప్పి పెట్టండి, "పాపం ఒక్క బిస్కెట్" అని సంచిలోంచి తీసేది ఆమే. పొరపాటున తినేసింటే దాచొద్దు, ఆ రోజుకి ఆపేస్తారు అంతే.

6. ఇంటికి పోయేటప్పుడు, పోయినాక

పూర్తిగా మేలుకుని, సాయం లేకుండా కూర్చుని, ఎప్పటిలాగా మాట్లాడేదాకా క్లినిక్‌లోనే ఉండండి. బైక్ మీద ముందర నిలబెట్టుకుని పోవద్దు. ఆటోలోనో కార్లోనో పోండి, ఇద్దరు పెద్దోళ్ళు ఉండాల, ఒకరు బిడ్డని మాత్రమే చూసుకోవాల, తల ముందుకి వాలితే ఊపిరి దారి మూసుకపోతుంది. ఇంట్లో నిద్రపోతే పక్కన కూర్చుని మధ్యమధ్యలో లేపి చూడండి. ముందు నీళ్ళు కొద్దికొద్దిగా, తర్వాత చల్లార్చిన జావ, పెరుగన్నం. పెదవి తిమ్మిరి రెండు మూడు గంటలుంటుంది, ఆ టైంలో పిల్లలు పెదవి, బుగ్గ నమిలి పుండు చేసుకుంటారు, కనిపెట్టుకుని ఉండండి. ఆ రోజు సైకిల్, మిద్దె మెట్లు, బావిలో ఈత ఏం వద్దు.

లేపితే లేవకపోయినా, పెదాలు నీలంగా అయినా, ఊపిరి గురకలాగా కష్టంగా తీస్తున్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. వాంతులు తగ్గకపోతే డాక్టర్‌కి ఫోన్ కొట్టండి.

ఏ మందు, ఎంత డోసు, అప్పటి బరువు, ఎట్ల తట్టుకున్నాడు ఇవన్నీ కాగితం మీద రాయించుకుని బిడ్డ టీకాల కార్డులో పెట్టేయండి, రేపు ఇంకే ఆస్పత్రిలో మత్తు ఇయ్యాల్సి వచ్చినా అనస్థీషియా డాక్టర్ ముందు అడిగేది అదే.