పసిపిల్లలతో సముద్రానికి: ఊరి కంటే ముందు పంచాంగం చూడండి

నాలుగేళ్ళ పిల్ల, ఏడాది బాబు ఉన్న ఇంటికి సముద్రం దగ్గర కావాల్సినవి ఎక్కువేమీ కాదు. లోతులేని నీళ్ళు, తోపులాట లేని ఒడ్డు, రాత్రి జ్వరమొస్తే అరగంటలో డాక్టరు. ఈ మూడూ తక్కువ ఖర్చులో దొరకాలంటే "ఏ బీచ్ బాగుంటుంది?" అని మొదలుపెట్టకూడదు. ముందు రోజులు, తర్వాత పడుకునే ఊరు, ఆ తర్వాతే ఒడ్డు. బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌నే తీసుకోండి. ఆదివారం అక్కడ జాతర. అదే ఒడ్డు మీద బుధవారం పొద్దున వలలు సర్దుకునే నలుగురు కనిపిస్తారు, అంతే.

ప్రశాంతత అనేది ముప్పాతిక వంతు తేదీలోనే ఉంటుంది. కార్తీక మాసం నెల రోజులూ మన తీరానికి రద్దీ: సోమవారాల స్నానాలు, ఆదివారాల వనభోజనాలు, పౌర్ణమి నాడు ఇసుక వేస్తే రాలని జనం. మాఘ పౌర్ణమి కూడా అంతే. ఆ రోజులు తప్పించడానికి రద్దీ ఒక్కటే కారణం కాదు. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి కాబట్టి పోటు ఎక్కువగా వస్తుంది, పాటు ఎక్కువగా తీస్తుంది. పిల్లలు ఆడుకునే ఇసుక పట్టీ సన్నబడుతుంది, వెనక్కి తీసే నీటికి ఊపు పెరుగుతుంది. అష్టమి నుంచి దశమి దాకా ఆటుపోట్ల తేడా తక్కువ. అష్టమి, నవమి ప్రయాణాలకు పనికిరావని పెద్దవాళ్ళు అంటారు గానీ సముద్రం లెక్కలో అవే మంచి రోజులు. పట్టింపు ఉంటే సప్తమి నాడే బయల్దేరండి.

నెల విషయానికొస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి పక్షం దాకా తుపాన్ల భయం పోదు. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదికే ఇసుక కాలుతుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం, కాబట్టి చేపల కోసం వెళ్ళేవాళ్ళకు నిరాశే. సంక్రాంతి హడావిడి ముగిశాక మార్చి మొదటివారం దాకా ఉన్న రోజులు చిన్నపిల్లలకు సరైనవి. అందులోనూ సోమవారం వెళ్ళి శుక్రవారం ఉదయానికి తిరిగొచ్చేలా చూసుకోండి. పిల్లలు ఇంకా పెద్దబడిలో చేరలేదు కదా, ఈ వెసులుబాటు మళ్ళీ పదిహేనేళ్ళదాకా దొరకదు.

ఒడ్డున కాదు, ఊళ్ళో పడుకోండి

ఒడ్డు మీది రిసార్టులో అద్దె ఒక్కటే కాదు ఎక్కువ. పాలు, ఇడ్లీ, నీళ్ళు అన్నీ వాళ్ళ దగ్గరే కొనాలి, వాళ్ళు చెప్పిన ధరకే. రైల్వే స్టేషను, బజారు, ఆసుపత్రి ఉన్న చిన్న పట్నంలో గది తీసుకుని రోజుకు రెండుసార్లు సముద్రానికి పోయిరావడం చాలామందికి చవక. లెక్క ఇలా వేయండి: ఊళ్ళో గది అద్దె, రెండు పూటల ఆటో ఖర్చు కలిపితే ఒక మొత్తం. రిసార్టు గది, అక్కడ మూడు పూటల తిండి కలిపితే ఇంకొకటి. పక్కపక్కన రాసుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ఆటోను ఒక్కో ట్రిప్పుకు కాకుండా వెయిటింగుతో కలిపి పూటకు మాట్లాడుకోండి. విడిగా వెళ్తే వెళ్ళేటప్పుడు దొరికిన ఆటో చీకటిపడ్డాక ఒడ్డున దొరకదు.

ఈ పద్ధతికి బాగా అమరేవి చీరాల, బాపట్ల. రెండూ విజయవాడ-గూడూరు ప్రధాన లైను మీదే ఉన్నాయి, రెండు చోట్లా ఏరియా ఆసుపత్రి ఉంది. చీరాల నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు, బాపట్ల నుంచి సూర్యలంక సుమారు తొమ్మిది. వాన పడి పిల్లలు గదిలో విసిగితే చీరాల పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. జీడిపప్పుకూ ఆ ఊరు పేరే.

చిక్కు ఒక్కటే. హైదరాబాద్ నుంచి సాయంత్రం బయల్దేరే బళ్ళు చాలావరకు నడిరాత్రికే అక్కడ దింపేస్తాయి. గది చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకైతే ఆ రాత్రికీ అద్దె కట్టాలి, లేదంటే నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని స్టేషన్లో కూర్చోవాలి. చవక టికెట్టు అక్కడే ఖరీదవుతుంది. పగటి బండి చూడండి, లేదా ఇరవై నాలుగు గంటల లెక్కన గది ఇచ్చే లాడ్జిని వెతకండి. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. ఐదేళ్ళలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ళలోపు వాళ్ళకు బెర్తు తీసుకుంటే పూర్తి చార్జీ.

మిగతా ఊళ్ళ సంగతి క్లుప్తంగా. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో నీళ్ళు చాలాదూరం లోతు తక్కువ. నడక నేర్చిన పిల్లలకు మంచిదే గానీ అడుగున నల్లమట్టి, తెల్లబట్టలు వేశారో పోయినట్టే. నెల్లూరు వాళ్ళకు మైపాడు దగ్గర, రోజులో వెళ్ళి రావచ్చు. భీమిలి అందమైన పాతపట్నం, డచ్చివాళ్ళ సమాధులూ లైట్‌హౌసూ ఉన్నాయి, కానీ సెలవు రోజుల్లో విశాఖ మొత్తం ఆ రోడ్డు మీదే ఉంటుంది. నిజమైన నిశ్శబ్దం కావాలంటే శ్రీకాకుళం వైపు కళింగపట్నం, బారువ. అక్కడ గదులు తక్కువ, మందుల షాపు దూరం. అందుకే ఏడాదిలోపు బిడ్డ ఉన్నవాళ్ళు ఇంకో రెండేళ్ళు ఆగితే మేలు.

ఒడ్డు వాలు కనిపెట్టడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఫొటోల్లో అన్ని ఒడ్లూ ఒకేలా కనిపిస్తాయి. చేరాక పది నిమిషాలు నీళ్ళలో దిగకుండా నిలబడి చూడండి. అలలు దూరంగా విరిగి, రెండు మూడు తెల్లని వరసలుగా మెల్లగా పాకి వస్తుంటే వాలు తక్కువ, పిల్లలకు అనువు. అల ఒడ్డుకొచ్చి ఒక్కసారిగా ధబ్బుమని పడుతుంటే వాలు ఎక్కువ. పెద్దవాళ్ళకు మోకాలి లోతు అనిపించిన చోటు రెండు అడుగులు వేస్తే నడుము దాటుతుంది. ఆ నీరు వెనక్కి తీసేటప్పుడు కాళ్ళకింద ఇసుకను తవ్వేస్తుంది, చంటిపిల్లలు నిలబడలేరు.

ఇంకొకటి, ఇరుపక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక సందు మాత్రం నున్నగా, కాస్త నల్లగా కనిపిస్తే అది ప్రశాంతమైన చోటు కాదు. ఒడ్డుకు చేరిన నీరంతా అక్కడినుంచే లోపలికి పోతోందన్నమాట, రిప్ కరెంటు అంటారు. అలలు లేవు కదా అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దించుతారు చాలామంది. పెద్దవాళ్ళెవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. తుపాను వచ్చిపోయాక ఇసుకమేటలూ గుంటలూ చోటు మారతాయి, కాబట్టి నిరుడు బాగున్న చోటు ఈ ఏడు బాగుండకపోవచ్చు. దిగేముందు వలలు బాగుచేసుకునే వాళ్ళనొకసారి అడగండి, "ఎక్కడ లోతుందన్నా?" అని. బోర్డు కంటే వాళ్ళ మాట తాజాది. అలల ఎత్తుపై హెచ్చరికలు కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇస్తుంది.

నది కలిసే చోట మాత్రం ఎంత నిండుగా, నెమ్మదిగా కనిపించినా వద్దు. భీమిలిలో గోస్తని, కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ. ఫోనులో శాటిలైట్ మ్యాపు తెరిస్తే నదీముఖం ఇంట్లో కూర్చునే కనిపిస్తుంది. అదే మ్యాపులో పడవలు లాగిపెట్టిన చోటూ చూసుకోండి. అక్కడ గాలాలు, తెగిన వలలు, చేపల కోసం తిరిగే కుక్కలు ఉంటాయి, అరకిలోమీటరు పక్కకు జరగాలి. సరుగుడు తోట కనిపిస్తే గుర్తుపెట్టుకోండి. మన ఒడ్డున దొరికే నీడ చాలాచోట్ల అదొక్కటే.

గది ఖాయం చేసేముందు ఫోను చేసి అడగాల్సినవి: కరెంటు పోతే జనరేటరు ఏసీకీ పనిచేస్తుందా, ఫ్యానుకేనా? అర్ధరాత్రి పాలు వెచ్చచేసి ఇస్తారా, కెటిల్ ఉందా? కిటికీలకు దోమతెర ఉందా? చెప్పిన అద్దెలో జీఎస్టీ కలిసుందా? రోజుకు రూ. 7,500 లోపు గదికి అది 5 శాతం. తుపాను హెచ్చరిక వస్తే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా? చివరిదాన్ని వాట్సాప్‌లో రాయించుకోండి. నీళ్ళ గురించి అడగనక్కర్లేదు, తీరంలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. దిగగానే ఇరవై లీటర్ల క్యాను ఒకటి తెప్పించుకుంటే నలుగురికి రెండు రోజులు తాగడానికి సరిపోతుంది.

మన తీరం తూర్పు ముఖం కాబట్టి సముద్రంలో పొద్దు పొడవడమే తప్ప గుంకడం ఉండదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి చీకటిపడే దాకా, ఇవే పిల్లల వేళలు. తెల్లవారుజామున గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. గాలి ఊదిన ట్యూబు మీద కూర్చున్న పిల్లను అది నిమిషంలో లోపలికి తోసేస్తుంది, ఆ ట్యూబులు ఇంట్లోనే వదిలేయండి. నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఫోను లేకుండా.

సంచిలో వాడరేవు షాపుల్లో దొరకనివి ఉండాలి: పిల్లల బరువుకు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. పొట్లం మీద ఎన్ని నీళ్ళలో కలపాలో చదవండి. లీటరుకు కలిపేవీ ఉన్నాయి, 200 మిల్లీలీటర్లకు కలిపేవీ ఉన్నాయి, తారుమారైతే ప్రమాదం. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలిచి కలపాలి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు దానికి బదులు కావు. అంబులెన్సుకు 108. ఫోను చేశాక "బీచ్ దగ్గర" అని కాకుండా ఊరిపేరు, దగ్గర్లోని గుడో లైట్‌హౌసో చెప్పండి.