బీదర్‌లో ఒక రాత్రి: హైదరాబాద్ నుంచి పిల్లాపాపలతో చలికాలపు ప్రయాణం

హైదరాబాద్ నుంచి బీదర్ సుమారు 140 కిలోమీటర్లు. ఇంత దగ్గర కాబట్టే పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దామని చాలామంది బయల్దేరతారు. అలా వెళ్తే కోట చూసేసరికి మిట్టమధ్యాహ్నం, అష్టూరు చేరేసరికి చీకటి, పిల్లలేమో కారులో నిద్ర. ఈ ఊళ్ళో చూడాల్సిన వాటిలో ముఖ్యమైనవి రెండు: పొద్దుటెండలో కోట, సాయంత్రపు వెలుగులో అష్టూరు సమాధులు. రెండూ దక్కాలంటే ఒక రాత్రి అక్కడ పడుకోవాల్సిందే.

డిసెంబరు మొదలు జనవరి చివరిదాకా మంచి కాలం. ఊరు 700 మీటర్ల ఎత్తున పీఠభూమి అంచున ఉంటుంది. దారికి దగ్గర్లోని కోహీర్ పేరు చలికాలంలో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోటుగా తరచూ వార్తల్లో కనిపిస్తుంది. తెల్లవారుజామున వణుకు, పది దాటితే చొక్కా చాలు. అందుకే ఒక్క మందపాటి స్వెటర్ కంటే పల్చటివి రెండు పొరలుగా వేసుకోవడం మేలు. చిన్నపిల్లలకు చెవులు మూసే మంకీ క్యాప్, పెద్దవాళ్ళకు శాలువా తీసుకెళ్ళండి. సంక్రాంతి సెలవుల్లో జనం ఎక్కువగా విజయవాడ వైపు పోతారు కాబట్టి ఇటు అంత రద్దీ ఉండదు.

శనివారం ఆరున్నరకు బయల్దేరండి. నాలుగింటికే లేచి పరుగెత్తితే కలిసొచ్చేది ఏమీ లేదు. సదాశివపేట దాటాక పొలాల మీద పొగమంచు పడుతుంది, పైగా ఇది చెరకు నరికే కాలం. రెండేసి ట్రాలీలు తగిలించుకుని, వెనక దీపాలు లేకుండా నడిచే ట్రాక్టర్లు మంచులో చివరి క్షణం దాకా కనబడవు. వెలుగు వచ్చాక ఆ దారిలో ఉండేట్టు చూసుకోండి. ఔటర్ మీద నుంచి వచ్చేవాళ్ళు ముత్తంగి దగ్గర దిగి సంగారెడ్డి, సదాశివపేట మీదుగా ముంబై రోడ్డు పట్టుకుని, జహీరాబాద్‌లో కుడికి తిరగాలి. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. మధ్యలో టోల్ ఉంది, ఫాస్టాగ్‌లో డబ్బులు ముందే చూసుకోండి. కోహీర్ జామకాయలకు పేరు; రోడ్డు పక్కన బుట్టల్లో కనిపిస్తే రెండు కిలోలు కొనండి, సాయంత్రం దాకా పిల్లల ఆకలికి అవే సరిపోతాయి. కారు లేనివాళ్ళకు ఎంజీబీఎస్ నుంచి బస్సులున్నాయి. వికారాబాద్, జహీరాబాద్ మీదుగా రైలు కూడా ఉంది కానీ, దాని వేళలు మీ ప్రణాళికకు కుదురుతాయో లేదో చూసుకుని టికెట్ తీయండి.

గది పాత ఊళ్ళో కాకుండా బస్టాండు పరిసరాల్లో తీసుకుంటే కారు నిలపడానికి ఇబ్బంది ఉండదు. అడగాల్సింది ఒక్కటే: పొద్దున ఆరింటికి వేడినీళ్ళు వస్తాయా? సోలార్ హీటర్ ఒక్కటే ఉన్నచోట తెల్లవారుజామున గోరువెచ్చగా కూడా రావు. గీజర్ ఉందని రూపాయి కట్టకముందే నిర్ధారించుకోండి. భాష గురించి బెంగ అక్కర్లేదు. ఈ ఊరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. కన్నడంతో పాటు దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు కూడా చెవిన పడతాయి.

శనివారం పగలు పాత ఊరిని నడిచే చూడండి. ముందు బహమనీ మంత్రి మహమూద్ గవాన్ మదర్సా. 1472లో కట్టించిన ఈ చదువుల ఇంటిని 17వ శతాబ్దం చివర్లో ఓ పేలుడు దెబ్బతీసింది, అందుకే ముందువైపు ఒక మినారు మాత్రమే మిగిలింది. ఆ మినారుకి, గోడకి ఇంకా అతుక్కుని ఉన్న నీలి, పసుపు, ఆకుపచ్చ పలకలను పిల్లలకు దగ్గరగా చూపించండి. పర్షియా పద్ధతిలో చేసిన పని అది. అక్కడి నుంచి చౌబారా గుండ్రటి బురుజు నడక దూరమే.

నల్లటి లోహపాత్రల మీద వెండి పొదిగే బీదరీ పనివాళ్ళ దుకాణాలు కూడా ఈ చుట్టుపక్కలే. ఇక్కడ తొందరపడకండి, గంటైనా కూర్చోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పని ఆగుతుంది కాబట్టి శనివారమే అనువు. లోహంలో జింకు చాలా ఎక్కువ, రాగి కాస్త. పదహారు పాళ్ళకు ఒక పాలు లెక్క అన్నమాట. పోతపోసిన పాత్రను నునుపు చేసి, మైలుతుత్తం నీళ్ళు రుద్దితే కాసేపటికి నల్లబడుతుంది, దాని మీద గీసిన గీత తెల్లగా కనబడుతుంది. చిన్న ఉలితో ఆ గీత వెంట గాడి తీసి, అందులో వెండి తీగను సుత్తితో మెల్లగా కొట్టి కూర్చుతారు. ఆ తర్వాతే అసలు పని. ఆకురాయితో రుద్దాక పాత్రంతా ఒకే బూడిద రంగులోకి వస్తుంది, వెండి ఎక్కడుందో కంటికి తెలియదు. పాత కోటలో వాన, ఎండ తగలని చోటి మట్టిని నవసాగరంతో కలిపి నీళ్ళలో కాచి, వేడి పాత్రను అందులో ముంచి తిప్పుతారు. లోహం కాటుకలా నల్లబడి, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది. ఈ ఘట్టం రోజంతా జరగదు. "నల్లరంగు ఎప్పుడు వేస్తారు?" అని అడిగి ఆ వేళకు మళ్ళీ వెళ్ళండి.

కొనేటప్పుడు ధర సైజుని బట్టి ఉండదు, అందులోని వెండిని బట్టి ఉంటుంది. సన్నటి తీగ పనికన్నా రేకు పొదిగిన పనికి వెండి ఎక్కువ పడుతుంది. వేలు పెట్టి రాస్తే వెండి గరుకుగా పైకి తగలకూడదు, అంచుల్లో సందులు ఉండకూడదు. ఇంటికొచ్చాక చింతపండు, పీతాంబరి, స్క్రబ్బర్ దాని దగ్గరికి రానివ్వకండి, నలుపు పోతుంది. కాస్త వెలిసినట్టుంటే మెత్తటి గుడ్డతో ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

మధ్యాహ్న భోజనం ఏదైనా ఖానావళిలో, అంటే భోజన హోటల్లో చేయండి. జొన్నరొట్టె, పుండి పల్య అడగండి. పుండి అంటే మన గోంగూరే, పల్య అంటే కూర. కారం తినని పిల్లలకు పెరుగు, శనగపొడి ఉంటాయి.

మూడున్నరకల్లా అష్టూరు బయల్దేరాలి. ఊరికి తూర్పున మూడు నాలుగు కిలోమీటర్లు. బహమనీ సుల్తానుల సమాధులు పొలాల మధ్య వరసగా ఉంటాయి, పడమటి ఎండ నేరుగా వాటి ముఖాన పడుతుంది. అహ్మద్ షా వలీ సమాధి లోపల గోడలు, గుమ్మటం అంతా రంగుల చిత్రణ. లోపల చీకటి, మంచి టార్చి లేకుంటే ఎర్రటి మసక తప్ప ఏమీ కనబడదు. సెల్‌ఫోన్ లైటు గుమ్మటం దాకా అందదు. బయటి నుంచి లోపలికి వెళ్ళాక రెండు నిమిషాలు ఊరికే నిలబడండి, కళ్ళు అలవాటుపడ్డాక రంగులు ఒక్కొక్కటే తేలుతాయి. అక్కడ హిందువులూ ముస్లింలూ ఇద్దరూ మొక్కుతారు, చెప్పులు బయట విడవాలి. పక్కనే బహమనీ సుల్తాను హుమాయూన్ సమాధి పిడుగుపాటుకు నిలువునా చీలి సగమే నిలిచింది. గుమ్మటం గోడ ఎంత మందమో పిల్లలకు ఇక్కడే బాగా అర్థమవుతుంది. డిసెంబరులో ఆరు లోపే పొద్దుగూకుతుంది, వెంటనే చలి మొదలవుతుంది. స్వెటర్లు గదిలో వదిలి వెళ్ళకండి.

ఆదివారం ఎనిమిదింటికి కోట. మూడు గంటలు, కనీసం మూడు కిలోమీటర్ల నడక. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి: ఎర్ర లాటరైట్ రాయి గరుకు, మెట్లు ఎత్తుగా పడతాయి. మనిషికి లీటరు నీళ్ళు. బాత్రూం పని గదిలోనే ముగించుకోండి. రాతినే తొలిచి చేసిన మూడు వరసల కందకాన్ని వంతెన మీద ఆగి చూడండి, కారులో దూసుకుపోతే అది కళ్ళబడదు. రంగీన్ మహల్‌కు చాలావరకు తాళం వేసి ఉంటుంది. కోటలోని మ్యూజియం సిబ్బందిని మర్యాదగా అడిగితే తెరిచి చూపిస్తారు. నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగిన ఆ ద్వారబంధం చూడకుండా వస్తే కోట సగమే చూసినట్టు. పాత గోడలకు తేనెపట్లు ఉంటాయి, పిల్లలను రాళ్ళు విసరనివ్వకండి.

నరసింహ ఝరణి గుహలో దేవుడి దగ్గరికి ఛాతీ లోతు నీళ్ళలో నడవాలి. లోపలికి వదులుతున్నారో లేదో ముందే కనుక్కోండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గాలి తక్కువైతే భయపడే పిల్లలు వెళ్ళకపోవడమే మంచిది. వెళ్ళేవాళ్ళు తువ్వాలు, పొడిబట్టలు తప్పక పెట్టుకోవాలి.

మధ్యాహ్నం గురుద్వారా నానక్ ఝీరాలో లంగర్ (అందరికీ పెట్టే ఉచిత భోజనం) తినండి. తలమీద గుడ్డ కప్పుకోవాలి, కాళ్ళు కడుక్కోవాలి, తినగలిగినంతే వడ్డించుకోవాలి. బసవకల్యాణ్ కూడా చూసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది మరో 80 కిలోమీటర్లు, మరో ప్రయాణానికి సరిపడా ఉంది. రెండింటికల్లా తిరుగుముఖం పట్టండి. ఆదివారం సాయంత్రం ఐదు దాటితే పటాన్‌చెరు దగ్గరే గంట పోతుంది.