తలుపు తీస్తే పంపు మోగడం లేదా? ఏఎంటీ కారులో కార్బన్ల సంగతి

ఏఎంటీ కారు, అంటే క్లచ్ తొక్కే పని లేకుండా గేర్లు తనే మార్చుకునే కారు, నడిపేవాళ్లకు ఒక చప్పుడు బాగా అలవాటై ఉంటుంది. డ్రైవర్ వైపు తలుపు తీయగానే బానెట్ కింద ఎక్కడో 'జుయ్' మని కొన్ని క్షణాలు మోగి ఆగిపోతుంది. చాలామంది పెట్రోలు పంపు అనుకుంటారు. అది గేర్‌బాక్సుకు సంబంధించిన హైడ్రాలిక్ పంపు. మనం సీట్లో కూర్చుని తాళం తిప్పేలోపే ఆయిల్‌ను ఒత్తిడికి ఎక్కించి పెడుతుంది. మామూలు కారులో మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనంతా ఇక్కడ ఆ ఒత్తిడితోనే జరుగుతుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అమీర్‌పేటలో పార్కింగ్‌లోంచి బండి తీద్దామని తలుపు తీస్తే ఆ చప్పుడు రాలేదు. తాళం తిప్పాను. డ్యాష్‌బోర్డు మీద 'ఎన్' అక్షరం మిణుకుమంటోంది, లివర్ ఎటు కదిపినా బీప్ తప్ప గేరు పడదు. వెనక ఇద్దరు హారన్ కొడుతున్నారు. పార్కింగ్ కుర్రాడు, నేను కలిసి బండిని నీడలోకి తోశాం. అరగంట ఆగి మళ్లీ తలుపు తీస్తే ఏమీ జరగనట్టు 'జుయ్' మంది! అప్పటికి బతికిపోయాను అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి చూసి, "పంపు యూనిట్ మొత్తం మార్చాలి సార్, విడిగా ఏమీ దొరకదు" అన్నారు. చెప్పిన ఎస్టిమేటు నా పాత బండి ధరలో దాదాపు ఐదో వంతు. అక్కడి నుంచి సికింద్రాబాద్‌లో విడిభాగాల దుకాణాలుండే రాణిగంజ్ దారి పట్టాను. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు రిపేరు చేసే అతను పంపును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చిన్న సైజు సెల్ఫ్ మోటారే అన్నా. కార్బన్లు అయిపోయినయ్, అంతే" అన్నాడు. కార్బన్లంటే తిరిగే మోటారు లోపలికి కరెంటు అందిస్తూ అరిగిపోయే చిన్న దిమ్మలు. అతను చెప్పింది నిజం. కానీ అంతే కాదని నాలుగు నెలల తర్వాత తెలిసింది. అది చివర్లో చెబుతాను.

మీ బండికి ఇది వర్తిస్తుందా

అన్ని ఏఎంటీలూ ఒకటి కావు. కొన్నింటిలో ఆయిలే ఉండదు, చిన్న కరెంటు మోటార్లే నేరుగా క్లచ్‌ను, గేర్లను కదుపుతాయి. ఈ వ్యాసం ఆయిల్ డబ్బా, పంపు, ఒత్తిడిని నిల్వ ఉంచే అక్యుములేటర్ ఉన్నవాటికి మాత్రమే. బానెట్ తీస్తే గేర్‌బాక్సు దగ్గర బ్రేక్ ఆయిల్ డబ్బాలాంటిదే ఇంకో చిన్న డబ్బా కనిపిస్తే మీది ఈ రకమే. 1997లో ఫెరారీ ఎఫ్355లో వచ్చినదీ ఇలాంటి హైడ్రాలిక్ ఏర్పాటే. ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకునేటప్పుడు కాస్త ఓదార్పుగా ఉంటుందని చెబుతున్నాను.

లక్షణం చూసి కారణం పట్టడం

తలుపు తీసినప్పుడు చప్పుడు లేకపోతే వెంటనే కార్బన్ల మీదికి వెళ్లకండి. ముందు బ్యాటరీ చూడండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. 12 కన్నా తక్కువ ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. తర్వాత ఫ్యూజు. ఆ తర్వాత రిలే, అంటే పంపుకు కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు. అదే నంబరున్న రిలే ఫ్యూజు బాక్సులో ఇంకోటి ఉంటే రెండింటినీ తారుమారు చేసి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇవన్నీ బాగుంటే అసలు పరీక్ష. పంపు మోటారుకు వెళ్లే కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టి, ఇంకొకరిని తలుపు తీయమనండి. 12 వోల్టులు వస్తున్నా మోటారు కిక్కురుమనకపోతే తప్పు మోటారుదే. వోల్టేజే రాకపోతే వైరింగ్, రిలే, కంట్రోల్ యూనిట్ వైపు వెతకాలి, మోటారు విప్పడం దండగ.

ఇంకో చిట్కా పాతకాలపుది, కానీ బాగా పనిచేస్తుంది. వోల్టేజి వస్తున్న ఆ క్షణంలో స్క్రూడ్రైవర్ పిడితో మోటారు ఒంటి మీద మెల్లగా తట్టండి. ఉలిక్కిపడి తిరిగిందంటే కార్బన్లు అరిగాయి, లేదా హోల్డర్‌లో ఇరుక్కున్నాయి. పానాతోనో సుత్తితోనో కొట్టకండి. లోపల ఫెరైట్ అయస్కాంతాలు ఉంటాయి, పింగాణీలా పగులుతాయి.

విప్పే ముందు

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అంతకంటే ముఖ్యం, ఒత్తిడి దించాలి. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు. ఈ ఏర్పాటులో ఆయిల్ 40 బార్ల దాకా, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. ఇంజిన్ ఆపినా అక్యుములేటర్‌లో అది అలాగే కూర్చుని ఉంటుంది. స్కానర్‌తో ఒత్తిడి ఖాళీ చేసే ఆప్షన్ ఉంటుంది, మెకానిక్ చేత అది చేయించకుండా ఏ పైపు నట్టూ వదులు చేయొద్దు. కళ్లద్దాలు పెట్టుకోండి.

కొన్ని బండ్లలో మోటారు రెండు బోల్టులతో పంపు నుంచి విడివడుతుంది, ఆయిల్ చుక్క కూడా కారదు. అలా వస్తే అదృష్టం. యూనిట్ మొత్తం దించాల్సి వస్తే మాత్రం ఇంట్లో మొదలుపెట్టకండి. తిరిగి బిగించాక గాలి తీయడం, స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంట్రోల్ యూనిట్‌కు మళ్లీ నేర్పడం) చేయించడం ఉంటాయి.

మోటారు మూత తీసే ముందు మూతకూ ఒంటికీ కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. చిన్న పనే కానీ నేను మర్చిపోయాను. రెండు అయస్కాంతాలున్న మోటారు ఒంటిని అర చుట్టు తిప్పి బిగిస్తే ఉత్తర దక్షిణాలు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగే పంపు ఒత్తిడి ఇవ్వదు. ఒక సాయంత్రమంతా నాకు అర్థం కాలేదు.

కార్బన్ల దగ్గర కాస్త ఆగుదాం

మూత తీస్తే ముందు నల్లటి పొడి రాలింది. అందులో రాగి కలిసి ఉంటుంది, కరెంటు పారుతుంది, ఊదితే నేరుగా ముక్కులోకి వెళ్తుంది. మాస్కు పెట్టుకుని బ్రష్‌తో దులపాలి. నా మోటార్‌లో ఒక కార్బన్ 4 మిల్లీమీటర్లే మిగిలింది. దానికి అంటుకున్న అల్లిక రాగి తీగ హోల్డర్ అంచుకు తగులుకుని, ఇక ముందుకు జరగనంటోంది. వెనక స్ప్రింగు నెడుతున్నా కమ్యుటేటర్‌కూ (కార్బన్లు రాసుకునే, రాగి పలకలతో చేసిన గుండ్రటి భాగం) కార్బన్‌కూ మధ్య వెంట్రుకవాసి సందు. తడితే అంటుకుంటుంది, లేకపోతే లేదు. అమీర్‌పేటలో అరగంట నీడకు బండి 'బాగైపోవడం' వెనక రహస్యం ఇంతే.

ఇప్పుడు కొత్తవి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. రాణిగంజ్‌లో కార్బన్లు డబ్బాల కొద్దీ ఉంటాయి, మిక్సీవి, డ్రిల్లింగ్ మెషీన్‌వి. సైజు సరిపోయిందని అవి కొనేస్తారు. అవి 230 వోల్టుల మోటార్ల కోసం చేసినవి, కార్బన్ పాలు ఎక్కువ, నిరోధం ఎక్కువ. మన పంపు 12 వోల్టులది, ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఉన్న 12 వోల్టుల్లో కొంత కార్బన్లే మింగేస్తే మోటారు నీరసంగా తిరుగుతుంది, కార్బన్లు వేడెక్కుతాయి. మనకు కావాల్సింది రాగి కలిసిన రకం. విరిచిన చోట గానీ గీకిన చోట గానీ ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. పాత కార్బన్ చేత్తో పట్టుకుని వెళ్లి, రంగు కలిపి చూసి, బండి సెల్ఫ్ మోటారువో, రేడియేటర్ ఫ్యాన్‌వో అడగండి.

అచ్చంగా అదే సైజు దొరకడం అరుదు. కాస్త పెద్దది తెచ్చి, గాజు పలక మీద సాండ్‌పేపర్ పరిచి, కార్బన్‌ను దాని మీద నిటారుగా రుద్ది తగ్గించాలి. హోల్డర్‌ను నిలువుగా పట్టుకుంటే కార్బన్ తన బరువుకే జారాలి. బిగుసుకుంటే వేడికి మళ్లీ ఇరుక్కుంటుంది, మరీ వదులైతే గడగడలాడుతుంది.

సోల్డరింగ్ దగ్గర ఒక్క జాగ్రత్త. అల్లిక తీగకు సోల్డర్ అంటే మహా ప్రేమ, వత్తి నూనె పీల్చినట్టు పైకి లాగేసుకుంటుంది. అలా పీల్చిన తీగ చువ్వలా గట్టిపడుతుంది, కార్బన్‌ను కదలనివ్వదు. అందుకే అతుకు పెట్టే చోటికి కాస్త పైన తీగను ముక్కుపటకారుతో పట్టుకోవాలి. పటకారు వేడి లాగేస్తుంది, సోల్డర్ అక్కడే ఆగిపోతుంది. ముందు చిన్న రాగి గొట్టంతో నొక్కి, తర్వాత సోల్డర్ పోస్తే అతుకు ఇంకా గట్టిగా నిలుస్తుంది.

కమ్యుటేటర్ నల్లబడి ఉంటే సన్నటి సాండ్‌పేపర్‌తో తుడవండి, ఎమరీ గుడ్డ వాడొద్దు, దాని పొడి సందుల్లో ఇరుక్కుని షార్ట్ చేస్తుంది. రాగి పలకల మధ్య గాడుల్లో పేరుకున్న మసిని పుల్లతో గీకేయండి. మీటర్ ఒక కొన పలకల మీద, ఇంకో కొన ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ఇరుసు మీద పెడితే మోగకూడదు. మోగితే ఆర్మేచర్ పోయినట్టే, కార్బన్ల మీద డబ్బు పెట్టొద్దు. ప్లాస్టిక్ హోల్డర్ కరిగి వంగిపోయినా అంతే.

బిగించేటప్పుడు కార్బన్లు రెండూ లోపలికి దూసుకొచ్చి ఆర్మేచర్‌ను పోనివ్వవు. స్ప్రింగు కొనను కార్బన్ పక్క గోడకు ఆనించి దాన్ని వెనకే ఆపి, ఆర్మేచర్ కూర్చున్నాక పుల్లతో వదలండి. అయస్కాంతం ఆర్మేచర్‌ను ఒక్కసారిగా లాక్కుంటుంది, వేళ్లు జాగ్రత్త. పంపుకు తగిలించే ముందు మోటారును విడిగా 12 వోల్టుల మీద కొన్ని నిమిషాలు తిప్పితే కార్బన్ ముఖం కమ్యుటేటర్ గుండ్రానికి కాస్త సర్దుకుంటుంది. మొదట్లో చిన్న నిప్పురవ్వలు మామూలే. చుట్టూ వలయంలా మంట తిరుగుతుంటే ఆపేసి మళ్లీ విప్పండి. పంపుకు తగిలించాక మాత్రం నేరుగా కరెంటు ఇచ్చి ఆడించకండి. రిలే దాటేశాక దాన్ని ఆపేవాళ్లుండరు, ఒత్తిడి పెరుగుతూనే పోతుంది.

ఆయిల్ తగ్గితే ఆ బండి పుస్తకంలో రాసినదే పోయండి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

నాలుగు నెలలకే మళ్లీ ఎందుకు

బండి బ్రహ్మాండంగా నడిచింది. ఆగస్టులో మళ్లీ మూగబోయింది. విప్పితే కొత్త కార్బన్లు సగానికి పైగా హరించుకుపోయాయి. రాణిగంజ్ అన్న తలగోక్కుని, "కార్బన్లు ఊకె ఎందుకు అరుగుతయ్? నీ పంపు ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టినవా?" అన్నాడు. పెట్టలేదు.

పంపు ఎప్పుడూ తిరుగుతూ ఉండాల్సింది కాదు. అక్యుములేటర్‌లో ఒక పక్క నైట్రోజన్, ఇంకో పక్క ఆయిల్. పంపు ఆయిల్‌ను నెట్టి ఆ గ్యాసును నొక్కి పెడుతుంది, ఆ నొక్కుడుతోనే కొన్ని గేర్లు పడతాయి, ఒత్తిడి తగ్గాక పంపు మళ్లీ అందుకుంటుంది. గ్యాసు కారిపోతే నిల్వ ఉండదు. అప్పుడు ప్రతి గేరుకూ పంపు పరుగెత్తాలి. పంజాగుట్ట నుంచి బేగంపేట దాకా సాయంత్రం ఆరింటికి ఒకటి, రెండు, మళ్లీ ఒకటి అని ఎన్నిసార్లు మారుతుందో మీకే తెలుసు. ప్రతిసారీ మోటారు ఆన్, ఆఫ్. మోటారు మొదలయ్యే ఆ క్షణంలోనే కరెంటు అన్నింటికన్నా ఎక్కువ, కార్బన్ అక్కడే కాలుతుంది.

లెక్క ఇలా పెట్టాలి. బండి ఆపి, చేతి బ్రేకు వేసి, బ్రేకు తొక్కి, ఇంజిన్ ఆఫ్, ఇగ్నిషన్ మాత్రం ఆన్. పంపు ఆగేదాకా ఆగండి. ఏ గేరూ కదపకుండా ఊరికే కూర్చోండి. కొద్ది క్షణాలకే పంపు తనంతట తనే మళ్లీ మోగి ఆగి మళ్లీ మోగుతుంటే లోపల ఎక్కడో ఒత్తిడి జారిపోతోంది, వాల్వులు చూపించాలి. ఊరికే ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, లివర్ ఒక్కసారి కదపగానే మోగుతుంటే అక్యుములేటర్ మీదే ముందు అనుమానం. నాది రెండోది. లివర్ కదిపిన ప్రతిసారీ మోగింది.

జాంబాగ్‌లో అక్యుములేటర్ విడిగా దొరికింది. పంపు యూనిట్ ఎస్టిమేటు పక్కన పెడితే ఆ ధర లెక్కలోకే రాదు. ఒత్తిడి దింపించి మార్పించాను, దాంతో పాటు రిలే కూడా. ఇన్ని వేల సార్లు ఆన్, ఆఫ్ అయిన రిలే ఏదో ఒక రోజు లోపలి పాయింట్లు అతుక్కుని, పంపును ఆపకుండా తిప్పుతూ మోటారును కాల్చేస్తుంది. కొత్త కార్బన్ల మీద ఆ పాత రిలేను నమ్మలేకపోయాను.

మొన్న అదే అమీర్‌పేట పార్కింగ్‌లో కూర్చుని లెక్కపెట్టాను. ఇగ్నిషన్ ఆన్ చేశాక పంపు ఒకసారి మోగి ఆగింది. లివర్ ఐదుసార్లు కదిపాను. ఐదోసారికి మోగింది.