దేవుడికి ముందే తెలిస్తే మన ఇష్టం ఎక్కడుంది? ఈ వాదనకు దిగేవాళ్ల కోసం

మతం మీద వాదన మొదలైన పది నిమిషాలకే మూడు ప్రశ్నలు ఒకే ముద్దగా కలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. గ్రంథంలో రెండు చోట్ల రెండు రకాలుగా ఉందా అన్నది ఒక ప్రశ్న. దేవుణ్ణి నమ్మడానికి సరైన కారణం ఉందా అన్నది ఇంకొకటి. రేపు నేనేం చేస్తానో దేవుడికి ఈరోజే తెలిస్తే అది నా ఇష్టప్రకారం చేసినట్టు ఎలా అవుతుందన్నది మూడోది. ఒకదాంట్లో జవాబు దొరక్కపోగానే మనిషి రెండోదాంట్లోకి దూకుతాడు, అవతలివాడు వెంటపడతాడు, చివరికి ఇద్దరికీ కోపం తప్ప ఏమీ మిగలదు. అందుకని మొట్టమొదట చేయాల్సింది ఒక్క ప్రశ్న ఎంచుకుని, "మనం దీని గురించే మాట్లాడుకుందాం" అని నోటితో చెప్పడం. గ్రంథంలో ఒక వైరుధ్యం తేలినంత మాత్రాన దేవుడు లేడని తేలదు. గ్రంథం అంతా పొందికగా ఉన్నంత మాత్రాన అది నిజమనీ తేలదు. ఇది ఇద్దరూ ఒప్పుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఎందుకు వాదిస్తున్నారో కూడా ముందే తేల్చుకోండి. గౌతముడి న్యాయసూత్రాలు ఇలాంటి సంభాషణను వాదం, జల్పం, వితండ అని మూడుగా విడదీశాయి. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని మాత్రమే కొట్టడం వితండ. మనం వితండవాదం అనే మాటను తిట్టులా వాడేస్తాం కానీ ఆ తేడా చాలా పనికొస్తుంది. ఎదుటివ్యక్తిని "మీ పక్షం ఏంటి?" అని అడగండి. అరగంట గడిచినా జవాబు రాకపోతే మీరు ఏ ఆటలో ఉన్నారో మీకే తెలుస్తుంది.

ఇక వైరుధ్యాల సంగతి. ఒకే విషయాన్ని, ఒకే అర్థంలో, ఒకే సమయానికి సంబంధించి అవునని, కాదని రెండూ చెబితేనే వైరుధ్యం. రెండు చోట్ల వేర్వేరు వివరాలు ఉండటం వైరుధ్యం కాదు, ఒకచోట చెప్పింది ఇంకోచోట చెప్పకపోవడం అసలే కాదు. వచనం చూపించే ముందు ఇంకో ప్రశ్న అడగాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు: "మీ గ్రంథం గురించి మీరు చేస్తున్న దావా ఏంటి?" ప్రతి అక్షరం తప్పులేనిదంటున్నారా, మొదటి ప్రతిలో తప్పు లేదంటున్నారా, లేక బోధలో మాత్రమే తప్పు లేదంటున్నారా? ఉదాహరణకు యూదా దేశపు రాజు యెహోయాకీను రాజయ్యేనాటికి పద్దెనిమిదేళ్లని బైబిల్‌లో రెండవ రాజులు 24:8 చెబుతుంది, రెండవ దినవృత్తాంతములు 36:9 హీబ్రూ పాఠంలో ఎనిమిదేళ్లని ఉంటుంది. ఇది నకలు రాసేవాళ్ల చేతిలో జరిగిన పొరపాటులాగే కనిపిస్తుంది. ఇప్పుడున్న ప్రతుల్లో ప్రతి అంకె సరైనదే అనేవాళ్లకు ఇది గట్టి దెబ్బ, మొదటి ప్రతి గురించి మాత్రమే మాట్లాడేవాళ్లకు అసలు తగలదు. దావా తెలుసుకోకుండా ఈ వచనం తీస్తే మీ శ్రమ వృథా.

కొన్ని ఉదాహరణలు ఇంతకంటే కష్టమైనవి. యేసును పట్టించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా ఉరి వేసుకున్నాడని మత్తయి 27:5 అంటుంది. తలకిందులుగా పడి పొట్ట పగిలిందని అపొస్తలుల కార్యములు 1:18 అంటుంది. ఉరి తాడు తెగి పడ్డాడు అని కలిపి చెప్పేవాళ్లు ఉన్నారు. అలా జరిగి ఉండొచ్చు, కాబట్టి తర్కం ప్రకారం ఇది తిరుగులేని వైరుధ్యం కాదు. కానీ తాడు తెగిన ముక్క రెండు పుస్తకాల్లోనూ లేదు, దాన్ని మనం బయటి నుంచి తెచ్చాం. సాధ్యం వేరు, నమ్మదగింది వేరు. ఈ రెండింటినీ విడివిడిగా ఒప్పుకునే మనిషితో వాదన ముందుకు నడుస్తుంది, ఒప్పుకోని మనిషితో నడవదు, అతను ఏ పక్షంలో ఉన్నా సరే.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేవి ఒకే రచనలో, ఒక్కోసారి పక్కపక్కనే, ఎదురెదురుగా నిలబడే మాటలు. బైబిల్‌లో మొదటి సమూయేలు 15వ అధ్యాయం తీసుకోండి. సౌలును రాజును చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని 11, 35 వచనాలు, ఆయన పశ్చాత్తాపపడేవాడు కాడని 29వ వచనం, మూడు చోట్లా హీబ్రూ క్రియ ఒకటే. భగవద్గీత 18:61లో ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి యంత్రం మీద ఎక్కించిన బొమ్మల్లా మాయతో తిప్పుతున్నాడని ఉంటుంది, రెండు శ్లోకాలు దాటగానే 18:63లో కృష్ణుడు అర్జునుడితో "బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అంటాడు. ఖురాన్ 18:29 నమ్మదలచినవాడు నమ్మవచ్చు, తిరస్కరించదలచినవాడు తిరస్కరించవచ్చు అంటుంది, 81:29 అల్లాహ్ కోరితే తప్ప మీరు కోరలేరు అంటుంది. దైవం నుంచి రాకపోయి ఉంటే ఇందులో ఎన్నో వైరుధ్యాలు కనిపించేవని ఖురాన్ 4:82లో తన గురించి తనే చెప్పుకుంటుంది కాబట్టి అక్కడ పొందిక ప్రశ్న బయటివాళ్లు తెచ్చిపెట్టింది కాదు. ఒకే అధ్యాయంలో ఇలా ఉన్నప్పుడు "రాసినవాడు గమనించలేదు" అనేది చాలా బలహీనమైన ఆరోపణ. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎందుకు పెట్టారు అని అడిగితేనే అసలు చర్చ మొదలవుతుంది.

అలా చదవడానికి మన దగ్గర పాత పనిముట్టు ఒకటి ఉంది. ఒక ప్రకరణం తాత్పర్యం ఏమిటో తేల్చడానికి మీమాంస, వేదాంత పండితులు ఆరు గుర్తులు వాడతారు: ఉపక్రమ ఉపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. అంటే మొదలు, చివర ఏం చెప్పారు, ఏది పదేపదే చెప్పారు, కొత్తగా చెప్పింది ఏది, దానివల్ల ప్రయోజనం ఏది, ఏది పొగడ్త లేదా నింద కోసం అన్నమాట, ఏ యుక్తి చూపించారు. ఏ మతగ్రంథం మీదైనా ఈ ఆరూ పెట్టి చూడొచ్చు. ఒక షరతు మాత్రం ఉంది, దీని మీద నేను రాజీపడను: పక్కవాళ్ల గ్రంథానికి ఏ కొలత వాడారో మీ గ్రంథానికీ అదే వాడాలి. మీ పుస్తకంలో కష్టమైన వాక్యం రాగానే "సందర్భం చూడాలి" అని, వాళ్ల పుస్తకంలో రాగానే "స్పష్టంగా రాసి ఉంది కదా" అని అనేవాళ్లతో గ్రంథాల గురించి వాదించడం కుదరదు.

ఇప్పుడు అసలైన చిక్కు. "దేవుడికి ముందే తెలుసు, కాబట్టి నేను బలవంతంగా చేస్తున్నాను" అని ఎక్కువమంది అంటారు. ఈ రూపంలో ఆ వాదన నిలబడదు. నేను కూర్చున్నట్టు మీరు కళ్లారా చూస్తున్నారంటే నేను కూర్చునే ఉండాలి, అది నిజమే. కానీ మీరు చూడటం వల్ల నేను కూర్చోలేదు, ఆ క్షణంలో లేచి ఉండే వీలు నాకు లేదని కూడా దాని అర్థం కాదు. ఈ కూర్చున్న మనిషి ఉదాహరణ ఆరో శతాబ్దంలో బొయీథియస్ అనే రోమన్ తత్వవేత్త జైలులో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ రాసింది. అంతకు ముందే క్రైస్తవ పండితుడు అగస్టీన్, నా జ్ఞాపకం గతాన్ని జరిగేలా చేయనట్టే దేవుడి ఎరుక భవిష్యత్తును జరిగేలా చేయదు అన్నాడు. "తెలిస్తే అది జరిగి తీరుతుంది" అన్నప్పుడు ఆ తప్పనిసరి అనేది తెలియడానికి, జరగడానికి మధ్య ఉన్న లంకెకు చెందుతుంది, జరిగే పనికి కాదు. మీరు స్వేచ్ఛ లేదనే పక్షంలో ఉంటే ఈ బలహీనమైన రూపంతో వెళ్లకండి, రెండు నిమిషాల్లో ఆగిపోతారు.

బలమైన రూపాన్ని ఒక కాగితం మీద నాలుగు వాక్యాలుగా రాసి మధ్యలో పెట్టండి. నేను రేపు అబద్ధం చెబుతానని దేవుడికి వెయ్యేళ్ల కిందటే తెలుసు. దేవుడు అనుకున్నది తప్పు కావడం అసాధ్యం. జరిగిపోయినదాన్ని ఇప్పుడు ఎవరూ మార్చలేరు, వెయ్యేళ్ల కిందటి దేవుడి ఎరుక కూడా జరిగిపోయినదే. వేరేలా చేసే వీలు ఉంటేనే ఆ పని స్వేచ్ఛగా చేసినట్టు. ఈ నాలుగూ ఒప్పుకుంటే రేపటి అబద్ధం నా స్వేచ్ఛ కాదనే తేలుతుంది. నెల్సన్ పైక్ అనే తత్వవేత్త 1965లో దాదాపు ఈ రూపంలోనే వాదన పెట్టాడు, అప్పటి నుంచి దీని మీద చర్చ ఆగలేదు. ఇక్కడ దేవుడు బలవంతం చేస్తున్నాడని ఎక్కడా అనలేదు చూడండి, గతం మారదు అన్న ఒక్క మాట మీదే బరువంతా ఉంది. కాబట్టి "తెలియడం వేరు, చేయించడం వేరు" అన్న పాత జవాబు దీనికి సరిపోదు.

ఎదుటివాళ్లను ఇందులో ఏ వాక్యం కొట్టేస్తారో అడగండి. బొయీథియస్ మొదటి వాక్యంలో "వెయ్యేళ్ల కిందట" అన్న మాట కొట్టేస్తాడు: దేవుడు కాలానికి బయట ఉన్నాడు, అన్ని క్షణాలనూ ఒకేసారి చూస్తాడు, ఆయనకు ముందు అనేదే లేదు. అందమైన జవాబే, కానీ ప్రవచనం దగ్గర ఇబ్బంది పడుతుంది. కోడి కూయకముందే నన్ను ఎరగనంటావని యేసు తన శిష్యుడు పేతురుతో అన్నట్టు మత్తయి 26లో ఉంది, ఆ మాట పలికింది కాలంలోనే, ఫలానా రాత్రి. పలికాక అది కూడా గతమే కదా, మళ్లీ మూడో వాక్యం తిరిగొచ్చి కూర్చుంటుంది.

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త ఆకమ్ మూడో వాక్యాన్ని పట్టుకుంటాడు. గతం గురించిన మాటల్లో కొన్ని పైకి మాత్రమే గతం, లోపల భవిష్యత్తు గురించినవి. "రేపు వాన పడుతుందని నిన్న అతను సరిగ్గానే చెప్పాడు" అనేది రేపు వాన పడితేనే నిజం. దేవుడి ఎరుక కూడా ఆ రకానిదే అంటాడు. అదే శతాబ్దపు యూదు పండితుడు గెర్సొనైడిస్ "తెలుసు" అన్న మాటనే వదులుకున్నాడు. మనిషి ఇంకా ఎంచుకోని నిర్ణయం తెలియడానికి అక్కడ ఏమీ లేదు, కాబట్టి అది తెలియకపోవడం సర్వజ్ఞతకు లోటు కాదు. రేపు నౌకాయుద్ధం జరుగుతుందా లేదా అన్న వాక్యం గురించి అరిస్టాటిల్ చర్చించినప్పటి నుంచి ఉన్న ఆలోచన ఇది. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నలభై రోజుల్లో నీనెవె పట్టణం నాశనం అని ప్రవక్తతో చెప్పించి దేవుడు మనసు మార్చుకున్న యోనా కథ కలిసొస్తుంది, పేతురు కథ అడ్డుతగులుతుంది.

నాలుగో వాక్యాన్ని కొట్టేసేవాళ్లకు స్వేచ్ఛ అంటే వేరేలా చేయగలగడం కాదు, నా కోరిక ప్రకారం, ఎవరి బలవంతం లేకుండా చేయడం. ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ సంప్రదాయంలో చాలామంది దీనికి దగ్గరగా ఉంటారు. వాళ్లను అడగాల్సింది ఒక్కటే, ఆ కోరిక నాలో ఎవరు పెట్టారు? నిర్గమకాండంలో ఐగుప్తు రాజు ఫరో హృదయాన్ని ఒకచోట ఫరోయే కఠినం చేసుకుంటాడు, ఇంకోచోట దేవుడు చేస్తాడు, ఆ రెండు రకాల వచనాలూ దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

స్పెయిన్ జెస్యూట్ పండితుడు లూయిస్ డి మోలినా దారి కొంచెం వేరు. 1588లో అచ్చయిన రచనలో ఆయన, ఏ పరిస్థితిలో పెడితే ఏ మనిషి స్వేచ్ఛగా ఏం చేస్తాడో దేవుడికి సృష్టికి ముందే తెలుసు అన్నాడు. ఈ పక్షం వాళ్లు మొదటి సమూయేలు 23ను చూపిస్తారు, అక్కడ దావీదు కెయీలా అనే ఊళ్లో ఉండిపోతే ఊరివాళ్లు అతన్ని సౌలుకు అప్పగిస్తారని దేవుడు చెబుతాడు, దావీదు వెళ్లిపోతాడు, అప్పగించడం జరగనే జరగదు. దీని మీద రోమ్‌లో దాదాపు పదేళ్లు విచారణ నడిచి, 1607లో పోప్ ఏ పక్షాన్నీ తప్పుపట్టకుండా ముగించాడు. నాకు మాత్రం ఒక సందేహం తీరలేదు: ఎప్పటికీ జరగని పరిస్థితిలో నేను ఫలానాది చేస్తాను అన్న మాటను నిజం చేసేది ఏది? నేనా? నేను ఇంకా పుట్టనేలేదు.

కర్మ సిద్ధాంతం తెచ్చేవాళ్లు కూడా ఉంటారు. బ్రహ్మసూత్రం 2.1.34 ప్రకారం ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవు, ఆయన జీవుల కర్మను బట్టే ఫలం ఇస్తాడు. అది హెచ్చుతగ్గులు ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు. ముందే తెలియడం గురించిన ప్రశ్న అలాగే ఉంటుంది, ఎందుకంటే రేపు నేను చేయబోయే కొత్త కర్మ కూడా ఆయనకు తెలుసు కదా.

ఇంకో ప్రశ్నను దీనితో కలపకండి: తెలిసి కూడా ఎందుకు సృష్టించాడు? నా మట్టుకు ఇదే ఎక్కువ బరువైన ప్రశ్న. ఇది స్వేచ్ఛ గురించి కాదు, బాధ్యత గురించి, దీనికి వేరే రోజు కావాలి. వేరే మనసు కూడా కావాలి. బిడ్డను పోగొట్టుకున్న బంధువొకరు "అంతా ఆయన నిర్ణయం" అన్నప్పుడు నేను ఒకసారి ఈ నాలుగు వాక్యాలూ చదివాను. తర్కం తప్పు కాదు, నేను చేసింది తప్పు. ఆమె పక్షం నిలబెట్టడానికి ఆ మాట అనలేదు, ఆ రోజు గడవడానికి అంది. నమ్మకాన్ని సిద్ధాంతంగా చెబుతున్నారా, ఊతంగా పట్టుకున్నారా అన్నది గమనించకుండా ఎప్పుడూ మొదలుపెట్టకండి.

చర్చ నడుస్తుంటే ప్రతి మలుపులో ఎదుటివాళ్ల మాటను మీ మాటల్లో చెప్పి "ఇదేనా మీరనేది?" అని అడగండి, వాళ్లు అవునన్నాకే జవాబివ్వండి. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాళ్ల వాదనను, సరిగ్గా చెప్పకుండా సిద్ధాంతానికి, అంటే మన వాదనకు, వెళ్లకూడదన్నది పాత పద్ధతి. చాలాసార్లు వాళ్లు నాలుగు వాక్యాలూ చూసి "దేవుడి జ్ఞానం మన జ్ఞానం లాంటిది కాదు, ఎలా పొసుగుతుందో మనకు అందదు" అంటారు. తప్పించుకుంటున్నారని వెంటనే అనకండి, పన్నెండో శతాబ్దంలో యూదు పండితుడు మైమొనైడిస్ బాగా ఆలోచించి చెప్పిన జవాబు అదే. ఒప్పుకోండి, కాగితం మీద మొదటి వాక్యంలో "తెలుసు" కింద గీత గీసి, ఆ మాటకు మనకు తెలిసిన అర్థం ఇక్కడ వర్తించదని ఇద్దరూ రాసుకోండి. ఆ తర్వాత ఆ మాట ఆధారంగా స్వేచ్ఛ లేదని మీరు అనలేరు, భవిష్యత్తు భద్రంగా ఉందని వాళ్లూ అనలేరు.