పది పుస్తకాల పెట్టె ఎలా నింపుకోవాలి

"చదవాలని ఉంది సార్, ఏది కొనాలో తెలియడం లేదు" అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది మా క్యారేజ్ రిపేర్ షాపు వాళ్లే. తిరుపతిలో సెట్టిపల్లి దగ్గర, రైలు పెట్టెలను విప్పి బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించే పని మాది. ఫిట్టర్లు, వెల్డర్లు, వాళ్ల ఇళ్లలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు, చూపు తగ్గిన అవ్వలు, తాతలు. అందరికీ కలిపి పది పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి ఇంటింటికీ తిప్పుతుంటాం. ఆ పదీ ఎలా ఏరుకుంటామో చెప్తాను. మీ ఇంటికైనా, మీ వీధికైనా ఈ పద్ధతి సరిపోతుంది.

"తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు" లాంటి జాబితాలు ముందే చేతిలోకి తీసుకోవద్దు. ఇంట్లో ఎవరికి ఏ సందేహం ఉందో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోసిన చోట కింది రాతికీ, దాని మీది రాతికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల వయసు తేడా ఉంది. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటది. ఆ మాట విన్న పిల్లాడు "అయితే మధ్యలో ఆ 80 కోట్ల ఏళ్ల రాయి ఏమైపోయింది?" అని అడిగాడంటే, వాడికి కావలసింది భూమి పుట్టుక గురించిన పుస్తకం. ఆ సమయంలో వాడికి నీతికథలు ఇస్తే పక్కన పడేస్తాడు, తప్పు వాడిది కాదు.

రెండో పని, పుస్తకాలను జంటలుగా ఎంచుకోవడం. ఒక కథ, దాని పక్కనే అదే విషయం మీద ఒక నిజమైన అనుభవమో, పరిశీలనో. కథ చదివినప్పుడు "నిజంగా ఇలా ఉంటుందా?" అనిపిస్తుంది. వివరాల పుస్తకం చదివినప్పుడు "ఆ మనుషులకు లోపల ఎలా ఉండేదో" అనిపిస్తుంది. ఒకటి రేపిన ఆకలి రెండోది తీరుస్తుంది. నవలలు మాత్రమే చదివేవాళ్లు వ్యాసాల వైపు, జనరల్ నాలెడ్జి మాత్రమే చదివేవాళ్లు కథల వైపు రావడం నేను చూసింది ఇలా జంటగా ఇచ్చినప్పుడే.

పులి జంటతో మొదలుపెట్టండి, ఎవరూ కాదనరు. వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ తన అనుభవాలు రాయగా 1954లో అచ్చయిన 'నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్'లో చామల లోయ పులి గురించి ఒక అధ్యాయం ఉంది. ఆ చామల మన భాకరాపేట వైపుదే. ఇంగ్లీషు పుస్తకమే గానీ డిగ్రీ పిల్లలకు కష్టం కాదు. దాని పక్కన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల 'కొండపొలం' పెట్టండి. కరువులో మేత కోసం గొర్రెల్ని తోలుకుని నల్లమలలోకి వెళ్లిన కాపర్ల కథ అది. ఒక పుస్తకంలో పులి ఎదురుగా తుపాకీ ఉంటుంది, ఇంకోదానిలో గొర్రెల కాపరి ఉంటాడు. ఈ రెండూ చదివినవాళ్లు శేషాచలం అడవిని వేరుగా చూస్తారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బడి జంట. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి 'పచ్చనాకు సాక్షిగా' మన చిత్తూరు జిల్లా మాటలోనే నడుస్తుంది. పల్లెలో పిల్లాడు, అమ్మ, పొలం, లేమి. దానికి జంట జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన చిన్ననాటి జ్ఞాపకాలు. తెలుగులో 'రైలుబడి' అని వచ్చింది. పాత రైలు పెట్టెలే తరగతి గదులైన బడి అది. పీఓహెచ్‌కి, అంటే కొన్నాళ్లకోసారి చేసే పూర్తి మరమ్మతుకి, వచ్చిన కోచ్ కింది నుంచి బోగీలు (చక్రాలుండే చట్రాలు) తప్పించి, సీట్లు, ఫ్యాన్లు, బెర్తులు ఊడదీశాక, లోపల నిలబడితే అది రైలులా ఉండదు, రెండు వైపులా కిటికీలున్న పొడవాటి గదిలా ఉంటుంది. మాట కొద్దిగా మోగుతుంది. ఆ గదిలో నల్లబల్ల పెట్టుకోవచ్చని ఒక హెడ్‌మాస్టరుకు తోచింది. పట్టాలే లేని బడిలోకి కొత్త పెట్టె ఎలా వస్తుందో చూడాలని పిల్లలంతా ఆ రాత్రి బడిలోనే పడుకునే ఘట్టం ఉంది చూడండి, మా షాపులో దాన్ని పైకి చదివితే భోజనాల దగ్గర అందరూ చేతులు ఆపేసి విన్నారు. ఆ బడి 1945లో బాంబు దాడిలో కాలిపోయింది. ఆ సంగతి ముందే చెప్పకుండా పుస్తకం చేతికివ్వండి.

కరువు మీద మధురాంతకం రాజారాం కథలు తీసుకోండి. పాకాల పక్కన దామలచెరువులో ఉండి రాసిన బడిపంతులు ఆయన. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మామిడి సీజన్లో దామలచెరువు మండీ చూసినవాళ్లకు ఆ కథల్లో రైతులు పరిచయస్తుల్లా ఉంటారు. జంటగా జర్నలిస్టు పి. సాయినాథ్ పేద జిల్లాల్లో తిరిగి రాసిన 1996 నాటి ఇంగ్లీషు పుస్తకం 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్' పెట్టండి.

పాతకాలానికి ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర', గురజాడ 'కన్యాశుల్కం'. వీరాస్వామి చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మేలో బయల్దేరి తిరుపతి మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, ఏం దొరుకుతుంది అని రాసుకుంటూ పోయారు. కొండకు వచ్చేవాళ్లను రోజూ చూసే మనకు ఆ పేజీలు బాగా పడతాయి. 'కన్యాశుల్కం' కొనేటప్పుడు మాత్రం 1909 నాటి రెండో కూర్పేనా అని చూసుకోండి. 1897 నాటి మొదటిదాని కంటే అది బాగా పెద్దది, మనం గుర్తుపెట్టుకునే నాటకం అదే.

ఇవి ఎనిమిది. తొమ్మిదోది వేమన పద్యాలు, చూపు ఆననివాళ్లకు ఎవరైనా చదివి వినిపించడానికి. పదోది 1885 నాటి 'శబ్దరత్నాకరం' లాంటి ఒక నిఘంటువు. వీరాస్వామి పుస్తకం చదివేటప్పుడు అది పక్కన లేకపోతే ఇబ్బంది పడతారు.

కొట్లో పుస్తకం చేతిలోకి తీసుకున్నాక అట్ట వెనక మాటలు నమ్మొద్దు. మధ్యలో ఒక పేజీ తెరిచి, పెదాలు కదుపుతూ చదవండి. నాలుక తడబడితే అనువాదం బాగాలేదని అర్థం. ముద్రణ వివరాల పేజీలో మూడు సంగతులు చూడండి: మొదట ఎప్పుడు వచ్చింది, అనువాదకుడి పేరు ఉందా, ఇది సంక్షిప్తమా పూర్తిదా. సైన్సు, వైద్యం అయితే పాత పుస్తకం చవగ్గా వచ్చినా వద్దు. చరిత్ర అయితే ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పిన రచయితనే తీసుకోండి. అచ్చు మరీ సన్నగా ఉంటే పెద్దవాళ్లున్న ఇంటికి పంపకండి.

తిరుపతిలో విశాలాంధ్ర పుస్తకాల షాపులో సాహిత్యం దొరుకుతుంది. చిత్తూరు వాళ్లకు జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వరసపెట్టే డ్యూయీ పద్ధతి పాటించే గ్రంథాలయంలో 500ల దగ్గర సైన్సు, 800ల దగ్గర సాహిత్యం, 900ల దగ్గర చరిత్ర, ప్రయాణాలు ఉంటాయి. ఆ మూడు చోట్లా ఒక్కోటి తీసుకున్నా చిన్న పెట్టె మొదలైనట్టే. టీటీడీ ప్రచురణలు చాలావరకు ఆన్‌లైన్లో ఉచితం.

పెట్టెలో ఒక నోటుబుక్కు కూడా వేయండి. బాగుంది, బాగాలేదు అని రాయమనకండి. చదువుతుంటే వచ్చిన ప్రశ్న ఒక్కటి రాయమనండి చాలు. పుస్తకం సగంలో ఆపేసినా ఫర్వాలేదు, ప్రశ్న మాత్రం రాయాలి. తర్వాతి పెట్టె ఆ ప్రశ్నల్లోంచే తయారవుతుంది. ఈసారి మా నోటుబుక్కులో ఒక పెయింటర్ గారమ్మాయి "ఎర్రచందనం మన కొండల్లోనే ఎందుకు పెరుగుతుంది?" అని రాసింది. చెట్ల మీద మంచి పుస్తకం కోసం చూస్తున్నాను. దానికి జంటగా ఒక నవల కూడా కావాలి.